ఎముకలక్క బొటనవేలు

ఆవిడకి కాలేజీ రిజిస్టర్లో ఒక పేరుంది. కానీ ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. ప్రిన్సిపాల్ నుంచి క్యాంటీన్ వాడి దాకా అందరికీ ఆవిడ ఎముకలక్కే. జంతుశాస్త్రం ల్యాబులో అటెండరు. చచ్చిన జంతువుల్ని నానబెట్టడం, ఉడకబెట్టడం, అరిగిపోయిన టూత్‌బ్రష్‌తో తోమడం, ఎండబెట్టడం, తీగతో గుచ్చి మళ్ళీ నాలుగు కాళ్ళ మీద నిలబెట్టడం, ఇదీ ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్ళయింది. ఎంత సబ్బు రాసినా ఒంటికి ఏదో వాసన పట్టుకునే ఉంటుంది, అందుకే బస్సులో ఆవిడకి ఎప్పుడూ సీటు దొరుకుతుంది. పక్క సీటు కూడా ఖాళీయే.

చదివింది పదో తరగతి. కానీ ఆ చేతికి తెలిసినంత ల్యాబులో పుస్తకాలకి కూడా తెలీదేమో. ఒకసారి కుర్ర లెక్చరర్లు సరదాకి ఆవిడ కళ్ళకి గంతలు కట్టి ఒక ఎముక చేతిలో పెట్టారు. బొటనవేలితో ఇలా ఒకసారి రాసి, "కుందేలు. ఎడమ తొడ. ముసలిది పాపం, కీళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి" అంది. లెక్చరర్లు ఆ రోజు డిపార్ట్‌మెంట్ మొత్తానికి టీ ఇప్పించాల్సి వచ్చింది.

ఇంట్లోనూ అంతే. చేప తింటే ముళ్ళన్నీ కంచం అంచున వరసగా పేర్చి పెడుతుంది, తలవైపువి తలవైపు, తోకవైపువి తోకవైపు. "అక్కా, అన్నం తింటున్నావా, క్లాసు చెప్తున్నావా?" అంటాడు తమ్ముడు. తమ్ముడంటే ఆవిడ ఎత్తుకుని పెంచిన తమ్ముడు. నీళ్ళ క్యాన్లు వేసే వ్యాన్ నడుపుతాడు. వ్యాన్ నెత్తిన ఒక మైకు, అందులో పొద్దున్నుంచీ వాడి గొంతే: "నీళ్ళ క్యాన్లు... చల్లటి నీళ్ళ క్యాన్లు..." వీధిలో చంటిపిల్లలు అమ్మా నాన్నా కంటే ముందు క్యాను అనడం నేర్చుకున్నారంటే ఆ మైకు పుణ్యమే.

వీళ్ళ ఇంటికి ఎదురుగా టైలర్ కొట్టు. తమ్ముడూ టైలరూ చిన్నప్పటి నుంచీ ఒకే కంచం ఒకే మంచం. రోజూ సాయంత్రం కొట్టు ముందు క్యారమ్స్ ఆడేవాళ్ళు, ఇద్దరూ దొంగాట ఆడేవాళ్ళు, ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు, మర్నాడు మళ్ళీ బోర్డు దింపేవాళ్ళు. అలాంటిది తొమ్మిది వారాలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోవట్లేదు. కారణం ఒక కుక్క.

టైలర్ కుక్క పేరు పీలిక. కొట్టులో గుడ్డ పీలికల గుట్టలో కూనగా దొరికింది కాబట్టి ఆ పేరు. పెళ్ళీ పిల్లలూ లేని టైలర్‌కి అదే కొడుకు. వానాకాలానికి దానికో రెయిన్ కోటు కూడా కుట్టాడు. కొలతల పుస్తకంలో డ్రిల్ మాస్టారి ప్యాంటుకీ పక్కింటావిడ జాకెట్టుకీ మధ్య "పీలిక: ఛాతీ ఇరవై, మెడ పదమూడు" అని రాసి ఉంటుంది.

ఒక మధ్యాహ్నం తమ్ముడు వ్యాన్ రివర్స్ చేస్తున్నాడు. లోపల మిషన్ తొక్కుతున్న టైలర్‌కి కుయ్యిమని ఒక్క అరుపు వినపడింది. బయటికొచ్చి చూస్తే వ్యాన్ వెళ్ళిపోతోంది, కుక్క లేదు. సాయంత్రమైనా రాలేదు. మర్నాడూ రాలేదు. "గుద్ది చంపేసి, ఎక్కడో పారేసి, ఏమీ ఎరగనట్టు క్యాన్లు వేస్తున్నాడు" అని టైలర్ వీధంతా చెప్పాడు. "నేను కుక్కని చూడనే లేదు రా" అని తమ్ముడు మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? క్యారమ్ బోర్డు తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. తమ్ముడు కుట్టమని ఇచ్చిన నీలం చొక్కా టైలర్ కొట్టులోనే ఉండిపోయింది. అడగడానికి వీడికి అభిమానం, ఇవ్వడానికి వాడికి రోషం.

ఇదిగో అప్పుడు, రైలు పట్టాల పక్క తుప్పల్లో డ్రైనేజీ తవ్వేవాళ్ళకి ఎముకలు దొరికాయి. తమ్ముడు రోజూ వ్యాన్ కడిగే చోటికి సరిగ్గా వంద అడుగుల దూరం.

ఆ సాయంత్రం టైలర్ ఎముకలక్క గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో తెల్లటి లైనింగ్ గుడ్డ మూట, నాలుగు మూలలూ కలిపి నీటుగా కుట్టేసి ఉంది. ముడి వేస్తే విడిపోతుందని అతని భయం.

"అక్కా, మీరే చెప్పాలి. మా వాడేనా?"

లోపలి గదిలో తమ్ముడు ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి వేసినవాడు వేసినట్టే ఆగిపోయాడు. ఎముకలక్క నేల మీద పేపరు పరిచి, కుట్టు విప్పి, పుర్రె తీసి ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలు ముక్కు ఎముక మీద పెట్టి నుదుటి వైపు తోసింది. జారుడుబల్ల మీద జారినట్టు సాఫీగా పైకి పోయింది. ఇంకోసారి తోసింది. అదే. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"పీలిక కాదయ్యా. ఇది నక్క. పళ్ళు చూడు ఎంత అరిగాయో, ముసలిది. పీలికకి నాలుగేళ్ళేగా?"

"వాడు రాళ్ళు కూడా కొరికేవాడు అక్కా. పళ్ళు అరగవా మరి?" అన్నాడు టైలర్. తర్వాత గొంతు తగ్గించి, "మీరంటే నాకు గౌరవం. కానీ మీరు వాడి అక్క. నోటిమాట వద్దు. మీ కాలేజీలో అద్దాల బీరువాలో కుక్కా నక్కా పక్కపక్కనే నిలబెట్టి ఉంటాయట కదా, మా మేనకోడలు చెప్పింది. రేపు టేపు పట్టుకుని వస్తాను. మూట విప్పి పక్కన పెట్టి కొలుస్తాను. నక్కతో సరిపోతే మీ తమ్ముడి కాళ్ళు పట్టుకుంటాను. కుక్కతో సరిపోతే..." అని లోపలి గది వైపు చూశాడు. "వాడు ఈ వీధిలో వ్యాన్ పెట్టకూడదు. నేను వాణ్ణి చూస్తూ బతకలేను అక్కా."

"రావయ్యా రా! నీ టేపే తెచ్చుకో!" అంది ఎముకలక్క ధీమాగా.

టైలర్ వెళ్ళాక తమ్ముడు బయటికొచ్చాడు. సంతోషంగా ఉంటాడనుకుంటే మొహం మాడిపోయి ఉంది.

"అక్కా... నిజంగా నక్కేనా?"

"నీ మీద ఒట్టు. ఒక్క ఎముకా విరగలేదు కూడా. బండి కింద పడ్డది కాదు ఇది."

తమ్ముడు స్టూలు మీద కూలబడ్డాడు. "ఆ రోజు వెనక చక్రానికి ఏదో తగిలింది అక్కా. టప్‌మని. అద్దంలో చూశా, ఏమీ కనపడలేదు. దిగి చూద్దామంటే వెనక ఆటోవాడు హారన్ మోత. పోనిచ్చేశా. తర్వాత కుక్క లేదన్నారు. ఇంక నోరు పెగల్లేదు."

"తొమ్మిది వారాలు! తొమ్మిది వారాలు నోరు కుట్టేసుకుని కూర్చున్నావా? వాడేమో పిచ్చివాడిలా వీధులన్నీ తిరుగుతుంటే!"

"మొదటి రోజు చెప్పాలి అక్కా. మొదటి రోజు చెప్పకపోతే ఇంక ఎలా చెప్తాం? నువ్వయితే చెప్పేదానివా?"

ఎముకలక్క తిట్టడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. బీరువా! అద్దాల బీరువా!

ఆ సంగతి లోకంలో ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు. ఉద్యోగంలో చేరిన మూడో నెల. ఒకే పెద్ద డ్రమ్ములో రెండు వలసంచులు నానుతున్నాయి, ఒకదాంట్లో కుక్క, ఇంకోదాంట్లో నక్క. సంచికో రేకు బిళ్ళ, దారంతో కట్టి. దారంతోనే కట్టింది ఆవిడ, తీగతో కట్టాలని తెలీదు కొత్తలో. మందు నీళ్ళకి దారాలు కుళ్ళి బిళ్ళలు రెండూ డ్రమ్ము అడుగుకి పోయాయి. ఏ సంచి ఏదో? అప్పటి హెడ్డు సారేమో స్పూను పోయినా డస్టరు విసిరే మనిషి. ఎముకలక్క రెండింటినీ చూసి తన తెలివంతా ఉపయోగించింది: నక్క అంటే అడవి జంతువు, అడవి జంతువంటే పెద్దగానే ఉంటుంది కదా! పెద్దది నక్క, చిన్నది కుక్క. అలాగే నిలబెట్టేసింది. ఇత్తడి పలకలు వచ్చాయి, స్క్రూలు బిగిశాయి.

ఏడేళ్ళ తర్వాత పశువుల డాక్టరొకాయన ఒక కుక్క పుర్రె శుభ్రం చేసిమ్మని పంపాడు. దాని నుదుటి మీద వేలు పెడితే కళ్ళ మధ్యకి రాగానే మెట్టు తగిలినట్టు ఆగింది. పరిగెత్తుకుని బీరువా దగ్గరికి వెళ్ళి రెండింటినీ తడిమి చూసింది. తారుమారు! కానీ అప్పటికే ఏడు బ్యాచీలు వాటి బొమ్మలు గీసి పాసైపోయాయి. ఇప్పుడేం చెప్తుంది? చెప్పలేదు. ఆ రోజు నుంచీ ఆ బీరువా అద్దం ఒక్కటీ రోజుకి రెండుసార్లు తుడుస్తుంది. ల్యాబులో అద్దంలా మెరిసే అద్దం అదొక్కటే.

ఇప్పుడు టైలర్ టేపు పట్టుకుని వస్తాడు. మూటలోని నక్క, "కుక్క" అని రాసి ఉన్న నక్కతో అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

మర్నాడు ఎముకలక్క గంట ముందే కాలేజీకి వెళ్ళింది. బ్యాగులో టిఫిన్ డబ్బా, గొడుగు, స్క్రూడ్రైవరు. పథకం చాలా సింపుల్: రెండు పలకలు, నాలుగు స్క్రూలు, ఐదు నిమిషాలు. మార్చేస్తే గొడవే లేదు, నిజం కూడా నిజంగానే నిలబడుతుంది! కానీ ఇరవై రెండేళ్ళ తుప్పు అంటే మాటలా? స్క్రూ కదలదే! కిరోసిన్ చుక్క వేసింది. చీర కొంగు చుట్టి తిప్పింది. ఆఖరికి స్క్రూ తల అరిగిపోయి నున్నటి గుండులా తయారైంది.

"ఏం చేస్తున్నారు?"

హెడ్డు మేడమ్! చేతిలో హెల్మెట్, భుజాన బ్యాగు. ఈ మేడమ్ ఒకప్పుడు ఇదే కాలేజీలో చదువుకున్న పిల్ల. మంచి మూడ్‌లో ఉంటే "అక్కా" అంటుంది, లేకపోతే "మీరు".

"తుడుస్తున్నా మేడమ్."

"స్క్రూడ్రైవర్‌తోనా?"

ఎముకలక్క స్క్రూడ్రైవర్ని కొంగు చాటుకి లాక్కుంది. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర, "లోపలికి రావచ్చాండీ?" అని టైలర్. మెడలో టేపు, చంకలో కొలతల పుస్తకం, చేతిలో మూట. రాత్రి మళ్ళీ కుట్టినట్టున్నాడు. సంగతంతా మేడమ్‌కి గబగబా అతనే చెప్పేశాడు. మేడమ్‌కి ఎక్కడలేని హుషారు వచ్చింది. "చాలా శాస్త్రీయంగా ఆలోచించారండీ! బీరువా తియ్యండి అక్కా."

"అక్కా" అంది. అయ్యో, ఇప్పుడేనా అనడం!

టైలర్ కొలవడం మొదలెట్టాడు. కొట్టులో లాగే గట్టిగా చదువుతూ, చెవి వెనక పెన్సిల్ తీసి రాసుకుంటూ. "పొడుగు ఆరుంపావు. చెంపల దగ్గర మూడున్నర. ముక్కు..." ముందు మూటలోది. తర్వాత తన పుస్తకంలో రెయిన్ కోటు టోపీ కొలత చూసుకున్నాడు. "మా వాడి తల ఏడున్నర. కానీ పైన తోలూ కండా ఉంటాయి కదండీ. కుట్టులోకి పోయే గుడ్డలాగా అదెంత తగ్గించాలో తెలీదు. ఇది లెక్కలోకి రాదు." నిజాయితీగా కొట్టేశాడు. తర్వాత "నక్క" అని పలక ఉన్నదాన్ని కొలిచాడు. పొడుగు ఏడు. చెంపల దగ్గర నాలుగు. ఏదీ కలవలేదు. తర్వాత "కుక్క".

"ఆరుంపావు. మూడున్నర..."

టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ల్యాబు స్టూలు మీద కూర్చుని మూట గుడ్డని మోకాళ్ళ మీద పరుచుకుని, మడతలు సాపు చేస్తూ ఉండిపోయాడు. "అయితే మా వాడే" అన్నాడు. తిట్టి ఉంటే ఎముకలక్క తట్టుకునేదేమో. ఆ గుడ్డ సాపు చేయడం చూడలేకపోయింది.

"కాదయ్యా! పలకలు తప్పు!"

ఇద్దరూ తలెత్తారు.

"ఆ రెండు పలకలూ తారుమారయ్యాయి. నేనే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బిళ్ళలు ఊడిపోతే అంచనాగా పెట్టేశాను. పదిహేనేళ్ళ నుంచీ నాకు తెలుసు. ఇందాక మార్చేద్దామనే స్క్రూలు విప్పుతున్నా మేడమ్, తుడవడానికి కాదు."

మేడమ్ మొహంలో రంగులు మారుతున్నాయి. ముందు నోరు తెరిచింది టైలరే.

"భలే చెప్తున్నారు అక్కా. తమ్ముడి కోసం ఉద్యోగం మీదకి కూడా తెచ్చుకుంటారా? నక్కతో సరిపోతే పలక కరెక్టు, కుక్కతో సరిపోతే పలక తప్పా?"

న్యాయమైన ప్రశ్నే. ఎముకలక్క తన చేతుల వంక చూసుకుంది. అంతే, తట్టింది.

"టేపు వదిలెయ్. పలకలు వదిలెయ్. నా మాటా వదిలెయ్. పీలికని నిమిరేటప్పుడు వేలు ఎక్కడ పెట్టేవాడివి?"

"అదేం ప్రశ్న అక్కా... ముక్కు మీంచి పైకి. కళ్ళ మధ్య చిన్న గుంటలా ఉంటుంది, అక్కడ వేలు ఆగుతుంది. అక్కడ గోకితే వాడు నిలబడే నిద్రపోయేవాడు."

"కళ్ళు మూసుకో."

అతని చెయ్యి పట్టుకుని బొటనవేలిని మూటలోని పుర్రె ముక్కు మీద పెట్టింది. "నిమురు."

సూది మొన తగిలి తగిలి కాయలు కాసిన వేలు అది. పైకి జారింది. ఆగలేదు. సాఫీగా నడినెత్తికి పోయింది. టైలర్ కనుబొమలు ముడిపడ్డాయి. వెనక్కి తెచ్చి మళ్ళీ నిమిరాడు. మూడోసారి ఇంకా నెమ్మదిగా, వెతుకుతున్నట్టు.

"గుంట లేదు" అన్నాడు.

"కళ్ళు తెరవకు." ఈసారి చెయ్యి బీరువాలోకి తీసుకెళ్ళి, ఒక పుర్రె మీద పెట్టింది. వేలు పైకి పాకి, కళ్ళ మధ్య టక్కున ఆగింది. ఆగిన చోటే ఉండిపోయింది. అలవాటైన వేలు కదా, మెల్లగా గోకడం కూడా మొదలెట్టింది!

"ఇది కుక్క" అన్నాడు టైలర్. కళ్ళు తెరిచి చూస్తే కింద ఇత్తడి పలక మీద "నక్క" అని ఉంది.

టైలర్ మొహం మీద నవ్వో ఏడుపో తెలియని ఒకటి పాకింది. మేడమ్ మాత్రం ఊరుకోలేదు. గబగబా తనూ రెండింటి మీదా వేలు పెట్టి చూసింది. పుర్రెల్ని తలకిందులు చేసి చెవుల దగ్గర బుడిపెల్ని చూసింది. గోళీల్లా ఉబ్బి గుండ్రంగా ఉంటే నక్క, చిన్నగా నొక్కుకుపోయి ఉంటే కుక్క. అల్మరాలోంచి లావుపాటి పుస్తకం దింపి బొమ్మలతో పోల్చింది. చివరికి పుస్తకం మూసేసింది.

"నేను సెకండియర్లో ఇదే బీరువా ముందు కూర్చుని కుక్క పుర్రె బొమ్మ గీశాను. ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. క్లాస్ ఫస్టు."

"బొమ్మ బాగానే గీశారు మేడమ్" అంది ఎముకలక్క చిన్నగా.

"నక్క బొమ్మ!" అని అరిచి, అంతలోనే నీరసపడిపోయింది మేడమ్. "ఇరవై రెండు బ్యాచీలు. ఒక్కళ్ళమూ ఎముక చూడలేదు. పలక చూసి గీసేశాం అందరం." పుస్తకం అల్మరాలో పెట్టేసి, "జరిగిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తుంది అది. ఏమంటారో నాకు తెలీదు" అంది. ఈసారి "అక్కా" అనలేదు. ఎముకలక్క తలూపింది. విచిత్రంగా భుజాలు తేలిగ్గా ఉన్నాయి.

ఆ కాగితం రాయడానికి ఆవిడకి మధ్యాహ్నమంతా పట్టింది. ఏనుగు ఎముకలు తోమడమే నయమనిపించింది. చివరికి నాలుగు లైన్లు తేలాయి: దారంతో కట్టాను, తీగతో కట్టాల్సింది, అడవి జంతువు పెద్దగా ఉంటుందనుకున్నాను, తెలిశాక చెప్పలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తమ్ముడు వ్యాన్ దగ్గర, టైలర్ కొట్టు దగ్గర, మధ్యలో వీధి. టైలర్ వచ్చి నిలబడ్డాడు. చేతిలో నీలం చొక్కా, మడతపెట్టి.

"నక్కేనంట" అన్నాడు వ్యాన్ టైరుతో.

"అక్క చెప్పింది. నక్క తోక తొక్కానన్నమాట నేను" అన్నాడు తమ్ముడు. ఎవరూ నవ్వలేదు. టైలర్ చొక్కా చాచాడు. తమ్ముడు తీసుకోలేదు. గుమ్మంలోంచి అక్క చూస్తోంది. తను రాసిచ్చిన కాగితం సంగతి లోపలికి వెళ్తూ వాడికి చెప్పింది.

"ఒరేయ్, ఆ రోజు వెనక చక్రానికి ఏదో తగిలింది రా. టప్‌మని. నీకు చెప్పలేదు. భయమేసింది."

టైలర్ మొహం గట్టిపడింది. "ఎక్కడ?"

"నీ మెట్టు పక్కన."

"టప్‌మనా? కుయ్యిమనా?"

"టప్‌మని. కర్ర విరిగినట్టు."

టైలర్ ఒక్క ఉదుటున కొట్టులోకి వెళ్ళి ఒక స్టూలు పట్టుకొచ్చాడు. ఒక కాలు విరిగి ఉంది, గుడ్డ పీలికలు చుట్టి కట్టి ఉంది. "ఇది మెట్టు పక్కనే ఉండేది! ఆ రోజు నుంచే కుంటుతోంది! బడిపిల్లలు విరగ్గొట్టారనుకున్నా రా నేను! వాడు మధ్యాహ్నం పూట దీని కిందే కదరా పడుకునేది!"

"అంటే నెత్తి మీద స్టూలు విరిగితే..."

"దడుసుకుని పారిపోయి ఉంటాడు! వాడసలే పిరికి సన్నాసి, మిషన్ గట్టిగా తొక్కితేనే మంచం కింద దూరేవాడు!"

"ఎటు పరిగెత్తుంటాడంటావు?"

"నువ్వు ఇటు వెళ్ళావు కాబట్టి అటు!"

"మరి నిలబడ్డావేంరా? ఎక్కు!"

"ఆగు. ముందు చొక్కా వేసుకో." వీధి మధ్యలోనే వేయించి చూశాడు. భుజాలు జారిపోతున్నాయి. "తొమ్మిది వారాల్లో ఇంత చిక్కిపోయావేంట్రా? నా కొలత తప్పదే!" అని నోట్లో గుండుసూదులు పెట్టుకుని పక్కలు బిగించేశాడు. సూదులతోనే వ్యాన్ ఎక్కాడు తమ్ముడు, కదిలితే గుచ్చుకుంటాయని నిటారుగా కూర్చుని.

మంగళవారం ఫస్టియర్ ప్రాక్టికల్స్. స్క్రూలు డ్రిల్లు మిషన్ పెట్టి తీయించాల్సి వచ్చింది. ప్రిన్సిపాల్ ఆఫీసు నుంచి ఇంకా జవాబు రాలేదు. పలకలు మేడమ్ టేబుల్ మీద ఉన్నాయి, బీరువాలో రెండూ పేరు లేకుండా నిలబడ్డాయి. పిల్లలు వరసలో వచ్చి ఒక్కొక్కళ్ళూ కళ్ళు మూసుకుని వేలు పెడుతున్నారు.

"చెయ్యి వణక్కూడదు. అది కరవదు, కరిచే రోజులు అయిపోయాయి" అంటోంది ఎముకలక్క.

"అక్కా, తర్వాతి బ్యాచిని లోపలికి పంపనా?" అని గుమ్మంలోంచి మేడమ్.

అప్పుడే కిటికీ కింద రోడ్డు మీంచి వ్యాన్ మైకు వినపడింది. "నీళ్ళ క్యాన్లు... చల్లటి నీళ్ళ క్యాన్లు..." తర్వాత గరగరమని ఎవరో మైకు లాక్కున్న చప్పుడు, ఇంకో గొంతు: "పీలికా... ఒరేయ్ పీలికా... స్టూలు బాగుచేయించాను రా... వచ్చెయ్ రా..."

పిల్లలు కిటికీ వైపు పరిగెత్తారు. ఎముకలక్క చెయ్యి తుడుచుకుని తనూ వెళ్ళింది. మైకులో ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు: "నువ్వలా అరిస్తే ఇంకా దూరం పారిపోతాడు రా, మెల్లగా పిలువు!" "నా కుక్కని ఎలా పిలవాలో నువ్వు చెప్తావా?"

వ్యాన్ మలుపు తిరిగి, ఇంకా వెతకని వీధుల వైపు వెళ్ళిపోయింది.